నవమల్లిక కంపెనీ ముక్కు

మా ఊళ్లో పెళ్లికి ముహూర్తం పంతులు పెడతాడు. కానీ అది ఖాయమయ్యేది నాగయ్య ముక్కు దగ్గర.

ఈ మాట చెబితే బీరంగూడలో ఉండే మా బంధువులు నవ్వుతారు. నవ్వనీయండి. వాళ్ల ఫంక్షన్ హాలు గోడకు ఆనుకుని రసాయనాల కంపెనీ లేదు. మా హాలుకు ఉంది. పంతులు మూడు తేదీలు రాసిస్తాడు. పిల్ల తండ్రి ఆ కాగితం జేబులో పెట్టుకుని నాగయ్య దగ్గరికి వస్తాడు. నాగయ్య అరుగు మీద నిలబడి, కళ్లు మూసుకుని, ఒక్కసారి గాలి పీలుస్తాడు. కంపెనీలో ఏ సరుకు ఉడుకుతోందో, అది ఎన్నాళ్లకు దిగుతుందో, పాత్రలు ఏ రోజు కడుగుతారో ఆయనకు ఆ ఒక్క పీల్పులో తెలిసిపోతుంది.

"పదకొండో తారీఖు వద్దు. గా దినం కడుగుడు ఉంటది, మీ బంధువులు అన్నం ముందల కూసొని ఏడుస్తరు. పద్నాలుగు పెట్టుకో, మంచిగుంటది" అంటాడు.

పద్నాలుగున మంచిగానే ఉండేది. ఇలా ముప్పై అయిదేళ్లు.

నేను అబ్దుల్ గనీని. కంపెనీ గేటుకు ఎదురుగా నాది జిరాక్స్ షాపు. జిరాక్స్ తీస్తాను, దరఖాస్తులు రాస్తాను. ఈ కంపెనీ మీద సంగారెడ్డి ఆఫీసులకు నేను రాసిన దరఖాస్తులు దొంతి పెడితే నా కుర్చీ ఎత్తు వస్తాయి. కోపం నా ఒంటికి పడదని డాక్టరు చెప్పాడు. ఆ డాక్టరు మా ఊళ్లో ఉండడు కాబట్టి చెప్పగలిగాడు.

కంపెనీ చరిత్ర చెప్పాలంటే నాగయ్య గురించి చెప్పాలి. నాగయ్య గురించి చెప్పాలంటే ముందు బోర్డు గురించి చెప్పాలి. ఎనభై తొమ్మిదిలో కర్దనూరు దాటాక వాగు ఒడ్డున పొలాలు కొన్నారు. గోడ లేవకముందే బోర్డు లేచింది. 'నవమల్లిక కెమికల్స్' అని, పక్కన అరచేతంత మల్లెపువ్వు బొమ్మ. నవమల్లిక అనేది ఓనరు తల్లి పేరట. ఊళ్లో ఎవరికి తెలుసు? పువ్వును చూసి అది సెంటు కంపెనీ అని తేల్చేశారు. నాగయ్య తండ్రి రెండెకరాలు ఇచ్చింది ఆ నమ్మకంతోనే. మన భూమిలో మల్లె సెంటు తయారవుతుందని నలుగురికీ చెప్పుకుని తిరిగాడు.

మొదటిసారి కంపెనీ నడిపిన రోజు ఊరంతా గోడ దగ్గర గుమిగూడింది. ఆడవాళ్లు సెంటు అద్ది చెవిలో పెట్టుకునేందుకు దూది ఉండలు తెచ్చుకున్నారు. నాగయ్య భార్య మొగులమ్మ అప్పుడు కొత్త పెళ్లికూతురు. ఆమె దూదితో పాటు ఖాళీ సీసా కూడా తెచ్చింది. ఇంతలో గొట్టంలోంచి పొగ లేచింది. కుళ్లిన కోడిగుడ్డును కిరోసిన్‌లో వేయించి, పాత చెప్పుతో మూత పెడితే ఎలా ఉంటుందో అలా ఉంది ఆ వాసన. మా ఊరి జనం కర్దనూరు దాకా ఆగకుండా పరిగెత్తారు. నేనూ పరిగెత్తాను. ఒక చెప్పు ఇప్పటికీ దొరకలేదు.

నాగయ్య ఒక్కడే నిలబడ్డాడు. ముక్కు పైకెత్తి, "దీంట్ల మూడు వాసనలున్నయి" అన్నాడు.

లోపలి నుంచి వచ్చిన కెమిస్టు ఆ మాట విని ఆగిపోయాడు. ఒకటి గొట్టంలోంచి వస్తున్నదే. రెండోది ఎక్కడో పైపు అతుకు దగ్గర కారుతోంది, నాగయ్య నేరుగా తీసుకెళ్లి చూపించాడు. మూడోది ఆ కెమిస్టు మూడు రోజులుగా మరిచిపోయిన టిఫిన్ డబ్బా. మర్నాడే నాగయ్యకు ఉద్యోగం ఇచ్చారు. పేరుకు వాచ్‌మన్. పని మాత్రం పొద్దున, మధ్యాహ్నం కంపెనీ అంతా తిరిగి వాసన చూడటం.

ఆ తర్వాతి చరిత్రంతా నాగయ్య వాసనల్లోనే చెప్పేవాడు. మొదటి అయిదేళ్లు రంగులు చేశారు. అది పుల్లటి వాసన. రోజుకో రంగులో పారేది వాగు. నాగయ్య తెల్లెద్దు ఒకటి అందులో దిగి, మోకాళ్ల దాకా గులాబీ రంగుతో బయటికొచ్చింది. దాన్ని అమ్మితే, కొన్నవాడు జత బాగుండాలని తన ఎద్దును కూడా తెచ్చి ముంచమన్నాడు. తర్వాత పురుగుల మందు చేశారు. అది తీపి వాసన, అదే అన్నిటికంటే చెడ్డది. అప్పుడే వాగులో చేపలు పోయాయి, బావులు పోయాయి. మా అమ్మ ఆ వాగు నీళ్లతో వరి పండించింది. తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. ధర్నాలు, కోర్టులు, కమిటీలు అయ్యాక ఊరికి నీళ్ల ట్యాంకరు వచ్చింది, కంపెనీకి కొత్త ఓనరు వచ్చాడు. ఇప్పుడు తలనొప్పి మాత్రకు ముడిసరుకు చేస్తున్నారు. కంపెనీ వాసనకు తలనొప్పి వస్తే మేము ఆ మాత్రే వేసుకుంటాం.

ఇన్నేళ్లలో ఊరికి ఒక అలవాటు పడిపోయింది. ఘాటు వాసన వస్తే ఎవరూ పరిగెత్తరు. ముందు నాగయ్య ఏం చేస్తున్నాడో చూస్తారు. ఆయన కూర్చుంటే కూర్చుంటారు, లేస్తే లేస్తారు. కంపెనీవాళ్లు గ్యాస్ కనిపెట్టే డబ్బాలు గోడలకు తగిలించారు. అవి కూసినా జనం తలతిప్పి నాగయ్య వైపే చూసేవారు.

రెండేళ్ల క్రితం నాగయ్యకు జ్వరం వచ్చింది. పది రోజుల్లో తగ్గింది.

జ్వరం తగ్గిన వారానికి ఆయన నా షాపులో కూర్చుని చాయ్ తాగుతున్నాడు. ఆ పొద్దున పంచాయతీవాళ్లు షాపు ముందు మోరీ తవ్వి, అందులోంచి ఎన్నాళ్లదో చచ్చిన పందికొక్కును తీసి, సరిగ్గా నా మెట్టు మీద పెట్టి బీడీ తాగడానికి పోయారు. జిరాక్స్‌కు వచ్చినవాళ్లు కాగితాలు వదిలేసి పారిపోయారు. నేను ముక్కుకు రుమాలు కట్టుకుని పంచాయతీని తిడుతున్నాను. నాగయ్య హాయిగా చాయ్ చప్పరించి అన్నాడు.

"ఇయ్యాల గాలి మస్తుగున్నది భాయ్."

నేను ఆయన వైపు చూశాను. మెట్టు వైపు చూశాను. మళ్లీ ఆయన వైపు చూశాను.

"నాగన్నా, నీకు వాసన వస్తలేదా?"

ఆయన చేతిలో గ్లాసు ఆగిపోయింది. ముఖం చిన్నబోయింది. లేచి షట్టరు సగం దించాడు.

"పోయింది భాయ్. జ్వరంతోని పోయింది. ఎవలకు చెప్పకు, నీకు దండం పెడత. ముక్కు లేదని తెలిస్తే ఎవడన్న నా అరుగు ఎక్కుతడా? నేను ఒట్టి నాగయ్యనైపోత."

నాకు కోపం రాలేదు. అది చాలా అరుదు. ఆయన్ని బస్సెక్కించి సంగారెడ్డిలో ముక్కు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఏం పని చేస్తావని డాక్టరు అడిగాడు. "వాసన చూస్త సార్" అన్నాడు నాగయ్య. డాక్టరు కలం కింద పెట్టాడు. ముక్కులోకి లైటు వేసి చాలాసేపు చూసి, జ్వరం వల్ల పోయి ఉండొచ్చు, ముప్పై అయిదేళ్లు ఆ గాలి పీల్చినందుకు పోయి ఉండొచ్చు, ఏదని చెప్పలేనన్నాడు. తిరిగి రావటం మాత్రం కష్టమన్నాడు.

అప్పుడు నేను ఒక తెలివితక్కువ పని చేశాను. నా ముక్కు ఆయనకు అరువిచ్చాను. ఎవరైనా ముహూర్తం కాగితంతో వస్తే నేనూ ఆ అరుగు మీదికి చేరాలి. కంపెనీ వైపు నుంచి మామూలు వాసన వస్తే ఒకసారి దగ్గాలి. ఘాటుగా వస్తే రెండుసార్లు దగ్గాలి. మిగతాది నాగయ్య తన అనుభవంతో సర్దుకుంటాడు. కంపెనీ లోపల మాత్రం గోడల మీది డబ్బాలను చూసి నెట్టుకొచ్చేవాడు. ఏడాదిన్నర బాగానే నడిచింది. తర్వాత చలికాలంలో నాకు నిజంగానే దగ్గు పట్టింది. ఆటో నడిపే పాండు తన కొడుకు పెళ్లికి తేదీ అడగడానికి వచ్చినప్పుడు నేను తొమ్మిదిసార్లు దగ్గాను. నాగయ్య కంగారుపడి, వేళ్లు లెక్కపెట్టి, ఏదో ఒక తేదీ చెప్పాడు. ఆ పెళ్లిలో వరుడు తలంబ్రాల మధ్యలో వాంతి చేసుకున్నాడు. ఫోటోల్లో పెళ్లివారంతా ముక్కులకు కర్చీఫులు కట్టుకుని బ్యాంకు దోచుకోవడానికి వచ్చినట్టు ఉన్నారు.

"గాలి మోసం చేసింది" అన్నాడు నాగయ్య. ఊరు నమ్మింది. నా భార్య జైతూన్ బీ మాత్రం నా వైపు అనుమానంగా చూసి, అరుగుల మీద దగ్గే ఉద్యోగం ఎప్పటినుంచి అని అడిగింది.

ఈ మధ్యలో కంపెనీకి ముప్పై అయిదేళ్లు నిండాయి. మార్చి నాలుగున భద్రతా దినోత్సవం కూడా కలిసొస్తుందని, రెండూ ఒకేరోజు చేద్దామని నిర్ణయించారు. సేఫ్టీ ఆఫీసరుగా నిషిత అనే అమ్మాయి కొత్తగా వచ్చింది. మంచి పిల్ల. కంపెనీ చరిత్రను నల్లరాతి మీద చెక్కించి గేటు దగ్గర పెట్టే పని కూడా ఆమె మీదే పెట్టారు. పాత కాగితాలు ఏనాడో చెదలు తినేశాయి. అందుకని నాగయ్యను కూర్చోబెట్టి అడిగి రాసుకుంది. వింటూ వింటూ ఆమెకు ఒక ఆలోచన వచ్చింది. వేదిక మీద నాగయ్య కళ్లకు గంతలు కట్టి, అయిదు సీసాలు వాసన చూపించి, ఏది ఏదో చెప్పించాలి. బాగా చెబితే ఇంకో మూడేళ్లు ఉద్యోగం పొడిగిస్తానని మేనేజరు మహేంద్ర మాటిచ్చాడు. చెప్పలేకపోతే అరవై మూడేళ్ల మనిషి ఇంటికి పోవాలి.

ఈ మహేంద్ర గురించి ఒక మాట. ఆయన ఏ కాగితమూ చదవడు, సంతకం మాత్రం చక్కగా చేస్తాడు. ఒకసారి కంపెనీ మీద నేను రాసిన ఫిర్యాదే ఎలాగో ఆయన టేబుల్ మీదికి చేరితే, 'వెంటనే చర్య తీసుకోగలరు' అని రాసి సంతకం పెట్టి పంపాడు.

నాగయ్య అన్నం మానేశాడు. "ఊరి ముందల ఇజ్జత్ పోతది భాయ్" అని నా షాపులో కూర్చుని కుమిలిపోయాడు. అల్లా దయ, రెండు రోజులకు నిషిత ఒక కాగితం తెచ్చి జిరాక్స్ అడిగింది. అందులో అయిదు సీసాల పేర్లు వరుసగా ఉన్నాయి. ఆమె రెండు కాపీలు అడిగింది. నేను మూడు తీశాను. ఇది తప్పని నాకు తెలుసు. స్నేహితుడి కోసం చేసే తప్పుకు నా దగ్గర వేరే అర ఉంది.

సిర్కా, అంటే వెనిగర్, ఆ తర్వాత అమోనియా, కిరోసిన్, పన్నీరు, ఫినాయిలు. నాలుగో సీసాలో పన్నీరు పెట్టడం నిషిత చమత్కారం. నాగయ్య ఆ అయిదు పేర్లూ వారం రోజులు జపించాడు.

ఆ రోజు కంపెనీ ఆవరణలో షామియానా వేశారు. ఊరంతా వచ్చింది. ముందు వరుసలో ముసలి సత్తెమ్మ, పాండు, మొగులమ్మ, నేను. నాగయ్య కొత్త తువ్వాలు భుజాన వేసుకుని వేదిక ఎక్కి కుర్చీలో కూర్చున్నాడు. కళ్లకు గంతలు కట్టారు. నిషిత మొదటి సీసా మూత తీసింది.

"సిర్కా!"

చప్పట్లు. రెండోది ముక్కు దగ్గర పెట్టగానే తల వెనక్కి విసిరి, "అబ్బో, అమోనియా!" అన్నాడు. ఆ విసురు మేము ముందురోజు సాధన చేసింది. మూడోది కిరోసిన్. ఈలలు వేశారు. నిషిత నాలుగో సీసా ఎత్తింది.

సరిగ్గా అప్పుడే నా కళ్లు మండాయి.

అది పన్నీరు కాదు. వేదిక వెనక డ్రమ్ముల షెడ్డు నుంచి వస్తోంది, గొంతులో కారం కూరినట్టు. పక్కన సత్తెమ్మ కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. నిషిత ముక్కు చిట్లించి చుట్టూ చూసింది. గోడ మీది డబ్బా కూత మొదలుపెట్టింది.

"పన్నీరు!" అన్నాడు నాగయ్య, గంతల వెనక నుంచి, చిరునవ్వుతో.

ఒక్కరూ కదలలేదు. నాగయ్య పన్నీరు అన్నాడంటే అది పన్నీరే అయ్యుండాలి. సత్తెమ్మ కొంగుతో ముక్కు మూసుకుని, "జెర పాతదున్నట్టున్నది" అంది. పాండు దగ్గుతూనే చప్పట్లు కొట్టాడు. మహేంద్ర ఎర్రబడ్డ కళ్లతో, "ఆ డబ్బా బంద్ చెయ్యండి, నాగయ్య కూర్చునే ఉన్నాడు కదా" అని అరిచాడు.

నేను రెండుసార్లు దగ్గాను. నాగయ్య నుదురు ముడిపడింది. మళ్లీ రెండుసార్లు దగ్గాను. ఆయనకు అర్థం కాలేదు, సీసా గురించి దగ్గుతున్నాననుకుని, "పన్నీరే!" అని గట్టిగా చెప్పాడు. ఆ తర్వాత నాకు లెక్క తప్పింది. నిజం దగ్గే వచ్చేసింది. షామియానా అంతా దగ్గడం మొదలైంది.

నాగయ్య గంతలు లాగేశాడు.

రెండు వందల మంది కళ్ల నీళ్లు తుడుచుకుంటూ, ఎక్కడివాళ్లు అక్కడే కూర్చుని, తన ముఖం వైపే చూస్తున్నారు. కొందరి ఒళ్లో పసిపిల్లలు ఉన్నారు. ఆయన నా వైపు చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను. ఆ ముఖంలో ఏం జరిగిందో నేను చూశాను, మరిచిపోలేను. మైకు అందుకున్నాడు.

"నాకు ముక్కు లేదు! రెండేండ్లాయె పోయి! గిది పన్నీరు కాదు, ఉరుకుండ్రి!"

జనం గొల్లున నవ్వారు. నాగయ్యకు ముక్కు లేకపోవడం! వెనక ఎవరో ఈల కూడా వేశారు.

అప్పుడు నాగయ్య మాటలు మానేశాడు. గాలి ఎటు వీస్తోందో తెలియడానికి షెడ్డు పైన కట్టిన గాలి సంచి వైపు చూశాడు. అది రోడ్డు దిక్కుకు ఊగుతోంది. తువ్వాలు నడుముకు చుట్టి, వేదిక మీది నుంచి దూకి, రోడ్డు వైపు కాకుండా, పక్క గేటు గుండా, గాలికి ఎదురుగా ఉన్న నీళ్ల ట్యాంకు గుట్ట వైపు పరుగు తీశాడు. మోకాళ్ల నొప్పులతో మూడు నెలలుగా మెల్లగా నడిచే మనిషి.

నాగయ్య ఉరికితే ఊరు ఉరుకుతుంది. రెండు వందల మందీ ఒక్కసారిగా లేచి ఆయన వెనక పడ్డారు. సత్తెమ్మ నన్ను దాటిపోయింది. మహేంద్ర మెడలో దండతో, చేతిలో ఇంకా చదవని ఉపన్యాసంతో పరిగెత్తాడు. నిషిత పిల్లల్ని ఎత్తుకున్నవాళ్లను ముందు పంపి అందరికంటే చివర వచ్చింది. ఈసారి నా రెండు చెప్పులూ మిగిలాయి.

డ్రమ్ము ఒకటి బిరడా దగ్గర కారుతోందని తేలింది. ముసుగులు వేసుకున్న ఇద్దరు పనివాళ్లు గంటలో దాన్ని సర్దారు. కళ్లు కడుక్కున్నాక అందరూ బాగానే ఉన్నారు. ఇంకాస్త సేపు కూర్చుని ఉంటే పసిపిల్లలు తట్టుకునేవారు కాదని నిషిత చెప్పింది.

నాగయ్య మాత్రం ఇంట్లోంచి బయటికి రాలేదు. ఉద్యోగం పోయింది. సీసాల పేర్లు ఎలా తెలిశాయని నిషిత అడిగితే నా పేరు కూడా చెప్పలేదు. నేనే వెళ్లి ఒప్పుకున్నాను. మొగులమ్మ నా ముందే ఆయన్ని కడిగేసింది.

"రెండేండ్ల సంది చేపల పులుసు చేసినా ఇంకింత వెయ్యి అననోనికి ముక్కున్నదని నేను అనుకుంటనా? నాకు ఎప్పుడో తెలుసు. నువ్వే చెప్తవని సూసిన."

నాలుగో రోజు సత్తెమ్మ వచ్చింది. మనవరాలి బిడ్డను తొట్టెలో వెయ్యాలి. తేదీల కాగితం తీసి అరుగు మీద పెట్టింది.

"నాకు ముక్కు లేదు సత్తెమ్మా" అన్నాడు నాగయ్య, తల ఎత్తకుండా.

"ముక్కు ఎవలికి కావాలె? గా దినం నువ్వు కూసుంటవా, ఉరుకుతవా? గది చెప్పు, చాలు."

నాగయ్య ఏడ్చాడు. మొగులమ్మ లోపలికి వెళ్లి చాయ్ పెట్టింది.

వారం తర్వాత నిషిత నల్లరాయి మీద చెక్కించబోయే చరిత్ర తెచ్చి ఆయనకు చదివి వినిపించింది. స్థాపన, విస్తరణ, అవార్డులు. చివరి వాక్యం హెడ్డాఫీసు నుంచి వచ్చింది: 'ముప్పై అయిదేళ్ల ప్రస్థానంలో మా సంస్థ వల్ల ఎవరికీ ఎలాంటి హాని జరగలేదు.'

నాకు ఒళ్లు మండింది. వాగు సంగతి, బావుల సంగతి, ఎద్దు సంగతి మొదలుపెట్టబోయాను. నాగయ్య చెయ్యెత్తి ఆపాడు.

"అమ్మా, అన్నీ రాయరు, నాకెరికే. నా ముక్కు ఒక్కటన్న రాయి."

నిషిత కలం తీసి, ఒక మాట చేర్చి, మేనేజరు సంతకం కోసం తీసుకెళ్లింది. మహేంద్ర ఎప్పటిలాగే చక్కగా సంతకం చేశాడు.

ఇప్పుడు నవమల్లిక గేటు పక్కన నిలువెత్తు నల్లరాయి ఉంది. మీరు పటాన్‌చెరు దాటి ఇటు వస్తే చూడండి. బంగారు రంగు అక్షరాల్లో చివరి వాక్యం ఇలా ఉంటుంది: 'ముప్పై అయిదేళ్ల ప్రస్థానంలో మా సంస్థ వల్ల నాగయ్య ముక్కుకు తప్ప ఎవరికీ ఎలాంటి హాని జరగలేదు.' తనిఖీకి వచ్చే ప్రతి అధికారీ అక్కడ ఆగి, నాగయ్య ఎవరని అడుగుతాడు. గేటువాళ్లు నా షాపు వైపు చూపిస్తారు. నా దరఖాస్తుల దొంతిని ఇన్నేళ్లకు మనుషులు నిలబడి చదువుతున్నారు.

నాగయ్య రోజూ పొద్దున వచ్చి తువ్వాలుతో ఆ ఒక్క వరుసే తుడుస్తాడు. మిగతా రాయిని దుమ్ముకు వదిలేస్తాడు. ఆయనకు చదువు రాదు, తన పేరు ఎక్కడ మొదలవుతుందో నేను వేలు పెట్టి చూపించాను. తుడవటం అయ్యాక నా వైపు తిరిగి, "గాలి ఎట్లున్నది భాయ్?" అని అడుగుతాడు. నేను ఒకసారి దగ్గుతాను, లేదా రెండుసార్లు.